పని చేయలేని పరిస్థితి వస్తే: సదరం సర్టిఫికెట్, వికలాంగుల పెన్షన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా అన్న సెంట్రింగ్ మేస్త్రీ. పని చేస్తూ రెండో అంతస్తు నుంచి పడ్డాడు, నడుము కింద చచ్చుబడింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కాగితాల కోసం తిరిగింది నేనే. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు మంచాన పడ్డా ఫోన్ నాకే వస్తుంది. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతున్నారని తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్ల కోసం ఇలా రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

ముందే ఒక మాట. ఈ పెన్షన్ ఫారంలో "పని చేయలేను" అని రాసుకునే గడి లేదు. చూసేవి రెండే: ఒంట్లో లోపం ఎంత శాతం, ఇంటికి ఆస్తిపాస్తులు ఎంత. ఇది తెలియక ఆఫీసుల్లో కష్టాలు చెప్పుకుని ఏడ్చి, ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లు చాలామంది.

## మొదలుపెట్టే ముందు

మా నాయన ఇక పనికి పోలేడు. మొదట ఏ ఆఫీసుకి పోవాలి?

మీ ఊరి సచివాలయానికి. టౌనులో ఉంటే వార్డు సచివాలయానికి. అయితే పెన్షన్ ఇవ్వండని మొదలుపెట్టకండి, సదరం స్లాట్ (లోపం ఎంత శాతమో డాక్టర్లు చూసే పరీక్షకి తేదీ) కావాలని అడగండి. ఆసుపత్రిలో డాక్టర్లు చూసి శాతం వేసి సర్టిఫికెట్ ఇచ్చాకే పెన్షన్ మాట. ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ ముందుగా తిరిగేవాళ్లున్నారు. సర్టిఫికెట్ లేకుండా ఎవరు చెప్పినా కంప్యూటర్ తీసుకోదు.

నెలకి ఎంత వస్తుంది?

రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి అమల్లో ఉన్న లెక్క ఇది. 40 శాతం, ఆపైన లోపం ఉన్నవాళ్లకు నెలకి రూ.6,000. అంతకు ముందు రూ.3,000 ఉండేది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవాళ్లకు, ప్రమాదంలో పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు రూ.15,000. డయాలసిస్ చేయించుకునేవాళ్లు, కిడ్నీ, లివర్, గుండె మార్పిడి జరిగినవాళ్లు, తలసీమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్లు రూ.10,000 కిందికి వస్తారు.

పక్కింటాయనకి పదిహేను వేలు వస్తోంది, మాకు ఆరు వేలే ఎందుకని చాలామంది అడుగుతారు. చూసేవాళ్లకి ఇద్దరూ మంచం మీదే ఉన్నట్టుంటారు. డాక్టర్ కాగితంలో రాసిన విభాగం, శాతం వేరుగా ఉంటాయి.

షుగర్ ఉంది, గుండె ఆపరేషన్ అయింది. వికలాంగుల పెన్షన్ వస్తుందా?

జబ్బు పేరు మీద రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి. కంటి చూపు, వినికిడి, కదలిక లోపాలు, మరుగుజ్జుతనం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు ఇలా ఉంటుంది ఆ పట్టిక. షుగర్, బీపీ, గుండె జబ్బు, క్యాన్సర్ అందులో లేవు.

కానీ ఆ జబ్బు వల్ల మిగిలిన లోపం లెక్కలోకి వస్తుంది. షుగర్ వల్ల కాలు తీసేస్తే అది కదలిక లోపం. షుగర్ వల్ల చూపు పోతే అది దృష్టి లోపం. బీపీ పెరిగి పక్షవాతం వస్తే మిగిలిపోయిన బలహీనతను కొలుస్తారు. ఒకటి రెండు కాలివేళ్లు తీసేస్తే మాత్రం 40 దాకా రాదు. దాని కోసం స్లాట్ బుక్ చేసుకుని రెండుసార్లు తిరిగిన ఒక పెద్దాయన నాకు తెలుసు.

డిస్కు జారింది. బరువెత్తలేను, గంటసేపు కూర్చోలేను. కూలికి పోలేకపోతే కూడా రాదా?

కష్టమే. ఉన్నమాట చెప్పాలి కదా. డాక్టర్లు నొప్పిని కొలవరు. కీలు ఎంత వంగుతోంది, కండరానికి బలం ఎంత ఉంది, స్పర్శ తెలుస్తోందా, నడక ఎలా ఉంది అని చూస్తారు. కాలు పడిపోవడమో, కండరం సన్నబడడమో, మూత్రం మీద అదుపు తప్పడమో ఉంటే ఎంఆర్ఐ రిపోర్టు, నరాల పరీక్ష రిపోర్టు తీసుకుని వెళ్లండి. నొప్పి ఒక్కటే అయితే 40 శాతం వేయడం అరుదు. ఆ మనిషి నిజంగానే పని చేయలేడు, అయినా ఈ పెన్షన్‌కి పనికిరాడు. ఈ పద్ధతిలో నాకు బొత్తిగా నచ్చనిది ఇదే.

నాకు ఒక కన్ను పూర్తిగా పోయింది. 30 శాతమే వేశారు. తప్పు వేశారా?

తప్పు కాదు. రెండో కన్ను మామూలుగా ఉంటే, ఒక కన్ను పూర్తిగా పోయినా 30 శాతమే అని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. రెండో కంటి చూపు కూడా తగ్గుతూ ఉంటే అప్పుడు మళ్లీ పరీక్ష చేయించుకోండి.

కాలికి 40, చెవికి 30. కలిపితే 70 కదా?

అలా కలపరు. పెద్ద శాతాన్ని అలాగే ఉంచి, 90లో దానిది పోగా మిగిలిన దాంట్లోనే రెండోదాన్ని దామాషాగా లెక్కిస్తారు. 40, 30 కలిస్తే వచ్చేది దాదాపు 57.

మా పాపకు ఏడేళ్లు. చిన్నపిల్లలకు ఇస్తారా?

ఇస్తారు. వికలాంగుల పెన్షన్‌కి వయసు నిబంధన లేదు. పాప ఆధార్‌లో వేలిముద్రలు, ఫోటో సరిగా ఉన్నాయా చూసుకోండి. ఐదేళ్ల వయసులో ఒకసారి, పదిహేనేళ్ల వయసులో ఒకసారి బయోమెట్రిక్ తప్పనిసరిగా మార్పించాలి.

## సదరం సర్టిఫికెట్ దగ్గర

సదరం అంటే ఏంటి, యూడీఐడీ అంటే ఏంటి? రెండూ కావాలా?

సదరం మన రాష్ట్రం పెట్టిన పరీక్షల పద్ధతి. క్యాంపులో డాక్టర్లు చూసి కంప్యూటర్‌లో శాతం వేస్తారు. యూడీఐడీ దేశమంతటికీ చెల్లే గుర్తింపు కార్డు, స్వావలంబన్ వెబ్‌సైట్ నుంచి వస్తుంది. కార్డు రంగులో ఒక అర్థం ఉంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. మన పెన్షన్‌కి సదరం ఐడీ ముఖ్యం. చెన్నైలో, బెంగళూరులో చూపించాలన్నా, కేంద్ర పథకాలకైనా యూడీఐడీ అడుగుతారు. సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే కార్డుకి కూడా పెట్టేయండి. ఫీజు లేదు.

స్లాట్ దొరకడం లేదు. ఎప్పుడు అడిగినా అయిపోయాయంటున్నారు.

స్లాట్లు రోజూ తెరిచి ఉండవు. విడతలుగా వదులుతారు, ఎముకల డాక్టర్‌వి అయితే చూస్తుండగానే అయిపోతాయి. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌కి మీ ఆధార్ నంబరు, ఫోన్ నంబరు రాసిచ్చి, తెరిచిన రోజు ఫోన్ చేయమని అడగండి. అలా రాసిచ్చినా నెలకి రెండుసార్లు మీరే వెళ్లి గుర్తు చేయాలి. మీ సేవా కేంద్రంలో కూడా ప్రయత్నించండి.

తిరుపతి వాళ్లందరూ రుయా ఆసుపత్రే కావాలని కూర్చుంటారు. మీ లోపాన్ని చూసే డాక్టర్ ఉంటే జిల్లాలోని ఏరియా ఆసుపత్రిలో స్లాట్ వచ్చినా వదలకండి. ఏ ఆసుపత్రిలో వేసినా శాతానికి విలువ ఒకటే.

క్యాంపుకి ఏమేం తీసుకెళ్లాలి?

ఆధార్, రైస్ కార్డు, స్లాట్ కాగితం, రెండు ఫోటోలు, ఆధార్‌కి లింకైన ఫోన్. ఇవి అందరూ తెచ్చుకుంటారు. తెచ్చుకోనిది వైద్యం కాగితాలు. డిశ్చార్జి సమ్మరీ ఒరిజినల్, ఆపరేషన్ నోట్స్, ఎక్స్‌రే ఫిల్ములు, ఎంఆర్ఐ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ అన్నీ తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టండి. చెవికి బెరా (శబ్దానికి చెవి నరం ఎలా స్పందిస్తుందో చూసే) పరీక్ష అడుగుతారు. కంటికి ఆపరేషన్ అయి ఉంటే ఆ వివరం కావాలి. బుద్ధిమాంద్యానికి ఐక్యూ పరీక్ష చేస్తారు, స్కూలు కాగితాలున్నా ఉపయోగమే.

మేం మొదటిసారి అన్నను ఆటోలో పడుకోబెట్టుకుని వెళ్లాం. ఫైలంతా జిరాక్సులే. ఒరిజినల్ సమ్మరీ బీరువాలో ఉండిపోయింది. మళ్లీ స్లాట్, మళ్లీ ఆటో, ఇంకో రెండు నెలలు. అందుకే చెబుతున్నా, బయల్దేరే ముందు రోజు రాత్రి ఫైలు తెరిచి ఒక్కో కాగితం చూసుకోండి.

ఇంకోటి. డాక్టర్ ముందు కూర్చునే సమయం చాలా కొద్ది. "బాగున్నావా పెద్దాయనా" అంటే మనవాళ్లు అలవాటుగా "బాగున్నా సార్" అంటారు. ఆ అలవాటు అక్కడ వద్దు. మెట్లెక్కగలరా, చొక్కా బొత్తాలు పెట్టుకోగలరా, బాత్రూంకి ఒకరు పట్టుకోవాలా అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేనిది కల్పించొద్దు. వాళ్లు రోజూ చూసేవాళ్లే, కుంటినడక నటన ఇట్టే పడతారు.

మంచం మీద నుంచి లేవలేని మనిషిని క్యాంపుకి ఎలా తీసుకెళ్లేది?

స్లాట్ బుక్ చేసేటప్పుడే మంచాన ఉన్నారని సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంటికొచ్చి చూడడమో, వాహనం ఏర్పాటు చేయడమో అధికారుల చేతిలో ఉంటుంది కాబట్టి ముందుగా అడగాలి. అది కుదరక మీరే తీసుకెళ్తే ఉదయాన్నే వెళ్లి, మనిషిని వాహనంలోనే ఉంచి, ఒకరు లోపలికెళ్లి సిబ్బందికి చెప్పండి. డాక్టర్ బయటికొచ్చి చూసిన రోజులు నేను చూశాను. పుండ్లు పడిన మనిషి అయితే పరుపు, నీళ్లు, మార్చే గుడ్డలు తప్పనిసరి.

పక్షవాతం వచ్చి రెండు నెలలే అయింది. ఇప్పుడే వెళ్లొచ్చా?

వెళ్లినా సాధారణంగా ఆరు నెలలు ఆగి రమ్మంటారు. ఆ లోపు ఫిజియోథెరపీతో ఎంతో కొంత కోలుకుంటారు, మిగిలిన లోపాన్నే కొలవాలన్నది వాళ్ల లెక్క. ఈ ఆరు నెలలు ఖాళీగా ఉండొద్దు. ఫిజియోథెరపీ మానకండి, ప్రతి చీటీ దాచండి, ఆధార్‌లో పేరు తప్పులుంటే ఇప్పుడే సరిచేయించండి.

మా తమ్ముడికి మతి సరిగా లేదు. ఇలాంటివాటికి సర్టిఫికెట్ ఇస్తారా? ఇస్తే ఊరంతా తెలుస్తుందేమో?

ఇస్తారు. మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యం రెండూ చట్టంలో ఉన్నాయి, రెండూ వేరువేరు. సైకియాట్రిస్టు చూస్తారు. మానసిక వ్యాధికి ఎన్నేళ్లుగా వైద్యం జరుగుతోందన్నది చాలా ముఖ్యం. తాయెత్తులు కట్టించి, గుళ్లలో నిద్ర చేయించి, డాక్టర్ చీటీ ఒక్కటీ లేకుండా వెళ్తే వాళ్లు మాత్రం ఏం రాస్తారు? ముందు ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చూపించి క్రమంగా మందులు వాడించండి. ఇక ఊరికి తెలియడం అంటారా, ఊరికి ఎప్పుడో తెలుసు.

సర్టిఫికెట్ మీద టెంపరరీ అని రాశారు. నష్టమా?

లోపం తగ్గే అవకాశం ఉందనుకుంటే అలా రాస్తారు. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి మూడు నాలుగు నెలల ముందే కొత్త స్లాట్ కోసం అడగడం మొదలుపెట్టండి. గడువు దాటాక మేలుకుంటే పెన్షన్ ఆగుతుంది.

35 శాతమే వేశారు. ఐదు శాతం కోసం ఏం చేయాలి?

వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు హక్కు ఉంది. మళ్లీ పరీక్షించాలని కోరుతూ రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. "పేదవాళ్లం, కనికరించండి" అని రాస్తే ప్రయోజనం లేదు. డాక్టర్ ఏది చూడలేదో రాయండి: ఫలానా తేదీన తీసిన నరాల పరీక్ష రిపోర్టు పరిగణించలేదు, ఎడమ చెయ్యి బలహీనత నమోదు కాలేదు, ఇలా. కొత్త రిపోర్టు జత చేస్తే ఇంకా మంచిది. రెండోసారి శాతం తగ్గే అవకాశం కూడా ఉందని తెలిసే వెళ్లండి.

డబ్బులిస్తే 60 శాతం రాయిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

వద్దు. అర్హత లేకుండా వికలాంగుల ప్రయోజనం పొందితే, పొందాలని చూసినా, వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కేసు పడేది మీ మీద, ఆయన ఫోన్ స్విచ్ఛాఫ్ చేస్తాడు. 2025లో రాష్ట్రమంతటా పెన్షన్‌దారులను తిరిగి పరీక్షించినప్పుడు శాతం తగ్గి నోటీసులు అందుకున్నవాళ్లు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. నిజంగా లోపం ఉన్నవాళ్లు కూడా ఆ ఎండలో మళ్లీ క్యూలో నిలబడింది ఇలాంటి దొంగ సర్టిఫికెట్ల పుణ్యమే.

## పెన్షన్ దరఖాస్తు

సర్టిఫికెట్ వచ్చింది. పెన్షన్ దానంతట అదే వస్తుందా?

రాదు. విడిగా దరఖాస్తు పెట్టాలి. గ్రామంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర, టౌనులో వార్డు వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర. అక్కడి నుంచి ఎంపీడీవోకి లేదా మున్సిపల్ కమిషనర్‌కి వెళ్తుంది. ప్రభుత్వం కొత్త దరఖాస్తులు తెరిచిన సమయంలోనే కంప్యూటర్ తీసుకుంటుంది. మూసి ఉన్నప్పుడు సచివాలయం సిబ్బందితో గొడవపడి లాభం లేదు, వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకుని, తెరిచిన వారంలోనే ఇవ్వండి, రసీదు నంబరు అడిగి తీసుకోండి.

70 శాతం సర్టిఫికెట్ ఉన్నా అర్హత లేదంటున్నారు. ఇదేం అన్యాయం?

శాతం సగమే. మిగతా సగం ఇంటి లెక్క. కుటుంబ ఆదాయం గ్రామంలో నెలకి రూ.10,000, టౌనులో రూ.12,000 దాటకూడదు. భూమి మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట లోపు, రెండూ కలిసి ఉంటే పదెకరాల లోపు ఉండాలి. టౌనులో వెయ్యి చదరపు అడుగులు మించిన కట్టడం ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పెన్షనర్, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఫర్వాలేదు. కరెంటు వాడకం నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు.

వీటిలో దేని వల్ల ఆగిందో సచివాలయం కంప్యూటర్‌లో కనిపిస్తుంది. "అర్హత లేదు" అన్న మాటతో తిరిగి రాకండి. ఏ కారణమో రాసివ్వమనండి, కనీసం స్క్రీన్‌ని ఫోటో తీసుకోండి. కారణం తెలిస్తే సగం కేసులు సరిచేయగలిగినవే.

మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. 300 యూనిట్లు దాటిందట!

మీ ఆధార్ ఇంకెవరి మీటరుకో కలిసి ఉంటుంది. అద్దెకున్న ఇంటి ఓనర్‌వి మూడు పోర్షన్ల మీటరు, అన్నదమ్ములందరికీ కలిపి ఒకటే మీటరు, పదేళ్ల కిందట మీ పేరుతో తీసుకున్న షాపు మీటరు, ఇలాంటివే ఎక్కువ. సచివాలయంలో మీ ఆధార్‌కి ఏ సర్వీసు నంబర్లు లింకై ఉన్నాయో చూపించమనండి. మీది కాని నంబరు ఉంటే విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో అర్జీ, ఆధార్ జిరాక్స్ ఇచ్చి తీసేయించండి. మనకి కరెంటిచ్చే ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కానీ అంతదూరం పోనక్కర్లేదు, మీ మండలం సెక్షన్ ఆఫీసులోనే అయిపోతుంది. తీసేశాక సచివాలయంలో వివరం మారిందో లేదో మళ్లీ చూసుకోండి.

కారు అమ్మేసి మూడేళ్లయింది. ఇంకా మా పేరే చూపిస్తోంది.

కొన్నవాళ్లు పేరు మార్చుకోలేదు. రవాణా శాఖ ఆఫీసులో పేరు మారేదాకా ఆ కారు మీదే. కొన్న మనిషిని పట్టుకుని మార్పించండి.

మా అమ్మకి వితంతు పెన్షన్ వస్తోంది. అదే ఇంట్లో నాకు వికలాంగుల పెన్షన్ ఇస్తారా?

ఒక కుటుంబానికి ఒక పెన్షన్ అన్నది మామూలు నియమం. 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు, తీవ్ర బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు, డయాలసిస్ రోగులకు మినహాయింపు ఉంది. మీ శాతం 80 లోపు ఉంటే, అమ్మ, మీరు ఒకే రైస్ కార్డులో ఉన్నారా అన్నది కీలకం. మీకు పెళ్లయి వేరే కాపురం ఉంటే కార్డు వేరు చేసుకోవచ్చు. పెన్షన్ కోసం మాత్రమే కాగితాల మీద వేరుపడితే తనిఖీలో తేలిపోతుంది.

కొడుకు ప్రభుత్వ ఉద్యోగి, వేరే ఊళ్లో ఉన్నాడు. రూపాయి పంపడు. అయినా అతని వల్ల నాకు ఆగింది.

సచివాలయం లెక్కలో అతను ఇంకా మీ ఇంటి మనిషిగానే నమోదై ఉన్నాడు. అతని పెళ్లి సర్టిఫికెట్, అక్కడి చిరునామాతో ఉన్న ఆధార్ ఉంటే ఇంటి వివరాల నుంచి వేరు చేయమని అర్జీ పెట్టండి. దీనికి కొడుకు సహకారం, అతని ఓటీపీ కావాలి. మాటల్లేని కొడుకుతో ఫోన్ కలపడం కోసం బంధువుల్లో పెద్దమనిషిని వెతకాల్సి వస్తుంది. చట్టం కంటే ఇదే ఆలస్యమయ్యే పని.

## వచ్చాక, ఆగాక

ఒకటో తారీఖున ఊళ్లో లేకపోతే ఆ నెల డబ్బు పోయినట్టేనా?

పోదు. తర్వాతి నెల కలిపి ఇస్తారు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మొత్తం కలిపి తీసుకోవచ్చు. అంతకు మించి లేకపోతే మాత్రం ఇబ్బంది. ఒకటో తారీఖు సెలవైతే ముందు రోజే పంచుతారు. పంపిణీ ఇంటి దగ్గరే, మనిషి ఎదురుగా ఉండాలి. బెంగళూరులో కూతురి దగ్గర ఉండిపోయి తమ్ముణ్ణి తీసుకోమంటే కుదరదు.

అవ్వకి వేలిముద్ర పడడం లేదు.

సిబ్బంది ఫోన్‌లోనే ముఖం గుర్తింపు ఉంటుంది, దానితో ప్రయత్నించమనండి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ ఒకసారి అప్‌డేట్ చేయిస్తే చాలావరకు తీరిపోతుంది.

తిరిగి పరీక్షకి రమ్మని నోటీసొచ్చింది. పోకపోతే ఏమవుతుంది?

పెన్షన్ ఆపేస్తారు. కాబట్టి వెళ్లండి. ఆ తేదీకి ఆసుపత్రిలో చేరి ఉంటే ఆ కాగితంతో సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పి ఇంకో తేదీ అడగండి. వెళ్లేటప్పుడు పాత సర్టిఫికెట్‌తో పాటు ఈ మధ్య తీయించిన రిపోర్టులు తీసుకెళ్లండి. పదేళ్ల కిందటి ఎక్స్‌రే ఒక్కటే చూపిస్తే ఇప్పటి స్థితి వాళ్లకి తెలియదు.

పెన్షన్ ఆపేశారు. ఎవరికి చెప్పుకోవాలి?

ఎందుకు ఆపారో ముందు కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాత ఎంపీడీవోకి లేదా మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. తిరుపతి జిల్లా కలెక్టరేట్ తిరుచానూరులోని పద్మావతి నిలయంలో ఉంది, చిత్తూరు జిల్లా వాళ్లది చిత్తూరులోనే. అర్జీ ఒక పేజీ మించొద్దు. సదరం ఐడీ, పెన్షన్ ఐడీ, ఆగిన నెల పైనే కనపడేలా రాయండి. రసీదు నంబరు పారేయకండి, ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసినప్పుడు అదే అడుగుతారు.

కోర్టుదాకా వెళ్లాల్సి వస్తే వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని కోర్టులో న్యాయ సేవా సంస్థ ఆఫీసులో అడగండి.

ఇంటి దగ్గర చిన్న అంగడి పెట్టుకుంటే పెన్షన్ తీసేస్తారా?

తీసేయరు. ఫారంలో పని చేయలేను అన్న గడి లేదు కాబట్టి, పని చేస్తున్నానన్నది నేరమూ కాదు. కుటుంబ ఆదాయం పరిమితి దాటకుండా, పన్ను కట్టే స్థాయికి పోకుండా ఉంటే చాలు. మా అన్న ఇప్పుడు కుర్చీలో కూర్చుని సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. మొదటి ఏడాది ఎవరైనా చూస్తారేమోనని తలుపు వేసుకుని చేసేవాడు. అనవసరమైన టెన్షన్.

## ఉద్యోగంలో ఉండగా దెబ్బ తగిలినవాళ్లకు

శ్రీసిటీ కంపెనీలో చేస్తూ చెయ్యి మిషన్‌లో పడింది. ఈఎస్ఐ నుంచి ఏం వస్తుంది?

జీతం రూ.21,000 లోపు ఉంటే (వికలాంగ ఉద్యోగులకు రూ.25,000) ఈఎస్ఐ ఉంటుంది. పనిలో దెబ్బ తగిలి సెలవులో ఉన్నన్నాళ్లూ రోజువారీ సగటు జీతంలో 90 శాతం ఇస్తారు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. గాయం మానాక లోపం మిగిలితే మెడికల్ బోర్డు సంపాదించే శక్తి ఎంత తగ్గిందో తేల్చి, ఆ మేరకు జీవితాంతం నెలనెలా ఇస్తారు. గమనించండి, ఇక్కడ కొలిచేది సంపాదనే.

ఒకే ఒక్క జాగ్రత్త: ప్రమాదం జరిగినట్టు కంపెనీ ఈఎస్ఐకి రిపోర్టు ఇచ్చిందా లేదా. "ఆసుపత్రి ఖర్చు మేమే పెట్టుకుంటాం, రిపోర్టు ఎందుకులే" అని సూపర్‌వైజర్ తియ్యగా చెబితే ఒప్పుకోకండి. రిపోర్టు లేకపోతే తర్వాత అది పనిలో తగిలిన దెబ్బ అని నిరూపించడం నరకం.

పీఎఫ్ కట్ అయ్యేది. పదేళ్లు నిండలేదు. పెన్షన్ రాదు కదా?

మామూలు పెన్షన్‌కి పదేళ్లు కావాలి. శాశ్వతంగా, పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే మాత్రం ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. ఆ మనిషి అప్పటిదాకా చేస్తున్న పనికి పనికిరాకపోవడమే ఇక్కడ కొలమానం. సర్వీసులో ఉండగా జరిగినదై ఉండాలి. ఫారం 10డి పెట్టాలి, మెడికల్ బోర్డు చూస్తుంది. కనీస పెన్షన్ నెలకి రూ.1,000. తక్కువే, కానీ చాలామందికి ఉందనే తెలియదు.

ఆర్టీసీ డ్రైవర్‌ని. చూపు తగ్గి అన్‌ఫిట్ చేశారు. ఇంటికి పంపేస్తారా?

పంపకూడదు. ప్రభుత్వ సంస్థలో పనిచేస్తూ వైకల్యం వస్తే తీసేయడానికి, హోదా తగ్గించడానికి లేదని వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అదే జీతంతో వేరే పని ఇవ్వాలి, పోస్టు లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. స్వచ్ఛందంగా రాజీనామా అన్న కాగితం మీద తొందరపడి సంతకం చేయకండి.

నాకు ఏ కంపెనీ లేదు, కూలి పని. ఏ బీమా ఉండదా?

బ్యాంకు పాస్‌బుక్ తీసి మే, జూన్ నెలల్లో 20 రూపాయలు కోసిన గీత ఉందేమో చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు ఉంటుంది. ప్రమాదంలో రెండు కళ్లు, లేదా రెండు చేతులు, రెండు కాళ్లు, లేదా ఒక కన్నూ ఒక కాలో చెయ్యో పోతే 2 లక్షలు. ఒక కన్ను లేదా ఒక కాలు, చెయ్యి పోతే లక్ష. నెల లోపే బ్యాంకులో క్లెయిమ్ ఫారం ఇవ్వండి, ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, వైకల్యం సర్టిఫికెట్ అడుగుతారు. జబ్బు వల్ల వచ్చిన లోపానికి ఇది రాదు. మేస్త్రీలు, కూలీలు భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉంటే లేబర్ ఆఫీసులో కూడా అడగాలి.

ఈ-శ్రమ్ కార్డు ఉంది. దానితో పెన్షన్ వస్తుందా?

రాదు. అది పేరు నమోదు మాత్రమే.

## పెన్షన్ కాకుండా

బుద్ధిమాంద్యం ఉన్న మా అబ్బాయికి 18 నిండాయి. బ్యాంకులో సంతకం ఎవరు పెట్టాలి?

పద్దెనిమిది దాటితే తల్లిదండ్రులైనా సహజంగా సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఇదే నాలుగు రకాల వాళ్లకు నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. పేద కుటుంబాలకు చేరిక రుసుము రూ.250, మిగతావాళ్లకు రూ.500.

కృత్రిమ కాలు ఎక్కడ పెట్టిస్తారు?

తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో. 1985 నుంచి ఎముకలు, పోలియో, పుట్టుకతో వచ్చిన లోపాల వైద్యానికి పేరున్న చోటు. ఉదయం పెందలాడే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. పుండు పూర్తిగా మానకుండా కొలతలు తీసుకోరు, షుగర్ ఉన్నవాళ్లు ముందు అది అదుపులో పెట్టుకోవాలి.

రైల్లో రాయితీ టికెట్ తీసుకోవాలంటే సదరం సర్టిఫికెట్ చాలా?

చాలదు. రైల్వే వాళ్లు విడిగా ఫోటో గుర్తింపు కార్డు ఇస్తారు. దాని కోసం రైల్వే ఫార్మాట్‌లో ప్రభుత్వ డాక్టర్ సంతకంతో రాయితీ సర్టిఫికెట్ కావాలి. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులకు, చూపు లేనివాళ్లకు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు, పూర్తిగా వినపడక మాట్లాడలేనివాళ్లకు ఇస్తారు. సదరం క్యాంపుకి వెళ్లిన రోజే ఆ ఫారం కూడా పట్టుకెళ్తే, డాక్టర్ ఒప్పుకుంటే, రెండో తిరుగుడు తప్పుతుంది.